ఖాళీ కాదు, చదవరాలేదంతే

మన ఇళ్లల్లో అల్మారా తెరిచి చూడండి. నికానామా పెట్టిన కవరు, పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, అమ్మీ జేవర్ డబ్బా ఉంటాయి. వాటి పక్కనే ఏదో ఒక మూల చిటికెన వేలంత పెన్‌డ్రైవ్ కూడా దొరుకుతుంది. వెనకటికి సందూకులో దాచుకున్న యాదులన్నీ ఇప్పుడు అందులోకి చేరాయి. చెల్లెలి నికా వీడియో, హజ్‌కు వెళ్లిన దాదాజాన్ ఫొటోలు, భూమి కాగితాల స్కానింగు, గల్ఫ్‌లో ఉన్న తమ్ముడి పాస్‌పోర్టు కాపీ అన్నీ అందులోనే.

మొదటి పెన్‌డ్రైవ్‌లు బజారుకు వచ్చింది 2000లో. అప్పుడు వాటిలో పట్టేది 8 ఎంబీ. ఇవాళ మామూలుగా కొనే 64 జీబీ దానికి ఎనిమిది వేల రెట్లు. ఒక ఖాందాన్ నాలుగు తరాల జిందగీ అందులో పట్టిపోతుంది. దాన్ని పెట్టే పోర్టు పేరు యూఎస్‌బీ. అందులో మొదటి అక్షరం 'యూనివర్సల్'. మన జబాన్‌లో చెప్పాలంటే ఆలంగీర్. 1996లో వచ్చిన ఈ పద్ధతిని తయారు చేసినవాళ్లలో అజయ్ భట్ ఒకరు. బరోడాలో చదువుకుని అమెరికాలో ఇంటెల్‌లో పనిచేసినాయన.

పేరు ఆలంగీరే గానీ, మన అనుభవం వేరు. ఒక కంప్యూటర్లో పెడితే షాన్‌గా తెరుచుకుంటుంది. ఇంకో దాంట్లో పెడితే ఉలుకూ పలుకూ ఉండదు. ఆఫీసులో నడుస్తుంది, ఇంట్లో నడవదు. ల్యాప్‌టాప్‌లో వస్తుంది, టీవీలో రాదు. అప్పుడు మనవాళ్లు వెంటనే ఇచ్చే ఫైసలా ఒకటే: "ఖరాబ్ హోగయా."

నేను ఇంజనీర్ని కాను. ఉర్దూ మీడియం బడిలో చదివి, తెలుగులో డిగ్రీ చేసి, పేపర్లో నౌకరీ చేసే మనిషిని. కానీ ఇరవై ఏళ్లు డెస్కులో కూర్చుంటే ఎన్ని ఊళ్ల పెన్‌డ్రైవ్‌లు చేతుల మీదుగా పోతాయో లెక్క లేదు. వాటి దగ్గర నేర్చుకున్న మొదటి మాట ఇది: ఒక్క కంప్యూటర్ అయినా దాన్ని చదువుతోందంటే ఆ పెన్‌డ్రైవ్‌లో జాన్ ఉన్నట్టే. అక్కడే, ఆ క్షణమే, ఉన్నదంతా ఇంకో చోటికి కాపీ చేసుకోవాలి. మరమ్మతు ఆ తర్వాతి సంగతి.

రెండో మాట. హకీం సాబ్ నబ్జ్ పట్టుకోకుండా దవా ఇవ్వడు. మనం కూడా నాలుగు సవాళ్లు అడగకుండా ఏ బటనూ నొక్కకూడదు.

పెన్‌డ్రైవ్ పెట్టగానే లైటు వెలిగిందా? కంప్యూటర్ ఏదైనా చప్పుడు చేసిందా? లైటూ లేదు, చప్పుడూ లేదంటే తప్పు చాలాసార్లు పోర్టుది, దానికి అందే కరెంటుది. డెస్క్‌టాప్ డబ్బాకు ముందు వైపు ఉండే పోర్టులు లోపల సన్నటి వైరుతో మదర్‌బోర్డుకు కలుస్తాయి. ఆ వైరు వదులైనా, పోర్టులో దుమ్ము పేరుకున్నా పని చేయవు. వెనక వైపు పోర్టులు నేరుగా బోర్డుకే ఉంటాయి. కాబట్టి ముందు పెట్టింది నడవకపోతే వెనక పెట్టి చూడాలి. ఒకే పోర్టుకు నాలుగు నోళ్ల హబ్ తగిలించి మౌసు, కీబోర్డు, ఫోన్ చార్జింగ్ అన్నీ పెడితే బేచారా పెన్‌డ్రైవ్‌కు కరెంటు మిగలదు. పాత యూఎస్‌బీ 2 పోర్టు ఇచ్చేది మొత్తం 500 మిల్లీఆంపియర్లే. దాన్ని పంచుకునే హబ్‌లో ఒక్కో నోటికి వచ్చేది 100. ఇంకో కిస్సా కూడా ఉంది. నోటి లోపల నీలం రంగు కనబడే పోర్టులు యూఎస్‌బీ 3వి. విండోస్ 7కి వాటి డ్రైవర్ పుట్టుకతో రాలేదు, విడిగా వేయాలి. అది వేయని కంప్యూటర్లో నీలం పోర్టు మూగదే. పక్కనున్న నల్ల పోర్టులో పెడితే అదే పెన్‌డ్రైవ్ మాట్లాడుతుంది.

చప్పుడు వచ్చింది, కానీ డ్రైవ్‌ల జాబితాలో కనబడలేదా? అప్పుడు అక్షరం తగాదా ఉండొచ్చు. విండోస్ ప్రతి డ్రైవ్‌కూ ఒక ఇంగ్లిష్ అక్షరం ఇస్తుంది. పేపర్ ఆఫీసుల్లో సర్వర్ ఫోల్డర్లకు కూడా ఇలాంటి అక్షరాలే ఇచ్చి పెడతారు. పెన్‌డ్రైవ్‌కు వచ్చిన అక్షరం మీద ముందే సర్వర్ ఫోల్డర్ కూర్చుని ఉంటే కొత్త మెహ్మాన్ వెనక దాగిపోతాడు. విండోస్ ఎక్స్‌పీ నడిచిన రోజుల్లో మా డెస్కులో ఇది రోజూ ఉండే తంటా. స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ కొట్టి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిస్తే పెన్‌డ్రైవ్ అక్కడ కనబడుతుంది. దానికి వేరే అక్షరం ఇస్తే సరి. అక్షరం మారిస్తే లోపలి సామాను పోదు. కానీ అదే మెనూలో ఫార్మాట్, డిలీట్ అనే మాటలు కూడా పక్కపక్కనే ఉంటాయి. వేలు జాగ్రత్త.

కొన్ని ఆఫీసుల్లో, బ్యాంకుల్లో ఎన్ని తర్కీబులు చేసినా పెన్‌డ్రైవ్ తెరుచుకోదు. అక్కడ వైరస్ భయంతో కావాలనే బంద్ చేసి పెడతారు. అది పెన్‌డ్రైవ్ తప్పు కాదు, మన తప్పూ కాదు. అక్కడి క్లర్కుతో జగడం దండగ. కాగితాలు మెయిల్ చేయడమే ఇలాజ్.

ఇక మూడోది, అందరికంటే ఖతర్నాక్‌ది. డ్రైవ్ కనబడుతుంది, తెరవబోతే ఒక డబ్బా లేచి నిలబడుతుంది: వాడుకోవాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా? అని. ఎంత అదబ్‌గా అడుగుతుందంటే, చదువుకున్నవాళ్లు కూడా సరేనని నొక్కేస్తారు.

మా అబ్బా ఆవాజు ఈ డబ్బా దగ్గరే ఆగిపోయింది.

అబ్బా ఉర్దూ టీచర్. రిటైరయ్యాక కూడా గళ్ల లుంగీ మీద తెల్ల కుర్తా తొడుక్కుని, వాకిట్లో కుర్చీ వేసుకుని వచ్చేపోయే పిల్లలకు అలిఫ్ బే దిద్దించినాయన. పోలీస్ యాక్షన్ నాటికి ఆయనకు ఏడేళ్లు. 1948 సెప్టెంబరులో ఐదు రోజుల్లో నిజాం రాజ్యం కథ ముగిసిందని బడి పుస్తకాల్లో రాస్తారు. మా ఊళ్లో ఆ తర్వాత ఎన్ని రాత్రులు గడిచాయో, ఎవరి ఇంట్లో ఎవరు దాక్కున్నారో ఏ పుస్తకంలోనూ లేదు. అబ్బా దాని గురించి మా చిన్నప్పుడు ఎన్నడూ నోరు విప్పలేదు. చివరి ఏడాది మా తమ్ముడు రియాద్ నుంచి సెలవు మీద వచ్చి రోజూ ఇషా నమాజు తర్వాత పక్కన కూర్చుంటే, మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు. వాడు ఫోన్లో రికార్డు చేశాడు. మొత్తం పదిహేడు రికార్డింగులు.

అబ్బా ఇంతెకాల్ అయ్యాక తమ్ముడి ఫోన్ పాడైంది. అంతకుముందే వాడు రియాద్‌లో తనతో పనిచేసే ఒకాయన ల్యాప్‌టాప్ నుంచి వాటిని కొత్త పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి పెట్టుకున్నాడు. ఆ పెన్‌డ్రైవ్ రంజాన్‌కు వస్తున్న ఒక దోస్త్ చేతికిచ్చి మా ఆపాకు పంపాడు. దునియాలో ఉన్నది ఆ ఒక్క కాపీనే.

ఆపా మిర్యాలగూడలో ఉంటుంది. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో పెట్టింది, తెరుచుకోలేదు. ఇంటర్నెట్ సెంటర్‌కు తీసుకెళ్లింది. అక్కడి నుంచే నాకు ఫోన్.

"బాబూ, అబ్బా ఆవాజ్ పోయిందిరా. ఇండ్ల ఏం లేదు, ఖాళీ ఉందంటుండు ఈ పిల్లగాడు. ఫార్మాట్ కొడితే మంచిగైతదంట. కొట్టమనాల్నా?"

"ఆపా, ఖుదాకే వాస్తే ఎవర్నీ ఏం నొక్కనీయకు. తీసి నీ పర్సులో పెట్టుకో. మళ్లా ఏ కంప్యూటర్లో పెట్టకు."

"మంచిగైతదంటుండు గదా?"

"పెన్‌డ్రైవ్ మంచిగైతది ఆపా. అబ్బా పోతడు."

అవతల కొద్దిసేపు ఏ మాటా లేదు. తర్వాత పర్సు జిప్పు లాగిన చప్పుడు వినిపించింది.

సంగతేమిటంటే, పెన్‌డ్రైవ్‌లో ఫైళ్లను సర్ది పెట్టడానికి ఒక్కో కంపెనీది ఒక్కో లిపి. పాతది, అందరికీ తెలిసింది ఫ్యాట్32. టీవీ, కారు స్టీరియో, పాత కంప్యూటర్ అన్నీ దాదాపు చదువుతాయి. దాని లోపం ఒకటే, 4 జీబీ దాటిన ఫైలు అందులో పట్టదు. విండోస్ సొంత లిపి ఎన్‌టీఎఫ్‌ఎస్. మ్యాక్ కంప్యూటర్ దాన్ని చదువుతుంది గానీ అందులో రాయలేదు. కొన్ని టీవీలు, కారు స్టీరియోలు అసలు చదవవు. మ్యాక్‌కు తన సొంత లిపి వేరే ఉంది. దాన్ని విండోస్ వేరే సాఫ్ట్‌వేర్ సాయం లేకుండా చదవలేదు. ఇద్దరికీ మధ్యవర్తి ఎక్స్‌ఫ్యాట్. మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చింది. ఇవాళ్టి విండోస్, మ్యాక్ రెండూ అందులో చదువుతాయి, రాస్తాయి. పెద్ద ఫైళ్లు కూడా పడతాయి.

తమ్ముడికి ఫోన్ చేసి అడిగాను. "ఆయన ల్యాప్‌టాప్ ఏ కంపెనీదిరా?" యాపిల్ బొమ్మ ఉంటుందన్నాడు. అంతే, మర్జ్ దొరికింది. ఆయన కొత్త పెన్‌డ్రైవ్‌ను మ్యాక్ లిపిలో తయారు చేసుకుని అందులో ఎక్కించి ఇచ్చాడు. మిర్యాలగూడలో ఉన్న విండోస్‌కు ఆ లిపి రాదు. రాదని చెప్పే తమీజ్ దానికి లేదు. ఖాళీ చేసేద్దామా అని అడిగింది.

ఆపా కొడుకు బస్సెక్కి పెన్‌డ్రైవ్ తెచ్చాడు. పేజీలు డిజైన్ చేసే ఒక దోస్త్ దగ్గర మ్యాక్ ఉంది. పెట్టగానే పదిహేడూ వరసగా కనబడ్డాయి. ఒకటి నొక్కితే, అబ్బా గొంతు సవరించుకుని "బిస్మిల్లా" అన్నారు. ఆ గదిలో ఇద్దరమూ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

కాపీలు చేశాం. ఎక్స్‌ఫ్యాట్ చేసిన కొత్త పెన్‌డ్రైవ్‌లో ఒకటి, నా ల్యాప్‌టాప్‌లో ఒకటి, ఇంటర్నెట్ మీద దాచుకునే డ్రైవ్‌లో ఒకటి. అన్నీ తెరిచి విన్నాకే ఆ పాతదాన్ని పక్కన పెట్టాం.

కథ అక్కడే అయిపోలేదు. ఆపా ఇంట్లో ఒక చిన్న స్పీకర్ ఉంది. పెన్‌డ్రైవ్ పెడితే నాత్‌లు, ఖవ్వాలీలు వినిపించే రకం. అందులో అబ్బా ఆవాజ్ వినాలని అమ్మీ కోరిక. కంప్యూటర్ ముందు కూర్చోవడం ఆమెకు రాదు. కొత్త పెన్‌డ్రైవ్ పెడితే స్పీకర్ మూగనోము పట్టింది. అలాంటి స్పీకర్లలో చాలావాటికి ఫ్యాట్32 తప్ప వేరే లిపి రాదు. ఒక పాత 8 జీబీ పెన్‌డ్రైవ్‌ను ఫ్యాట్32 చేసి వేశాను. అయినా మాట్లాడలేదు. ఫోన్లో రికార్డయిన ఫైళ్లు ఎం4ఏ రకం, ఆ స్పీకర్‌కు తెలిసింది ఎంపీ3 ఒక్కటే. వాటిని ఎంపీ3లోకి మార్చి వేస్తే అప్పుడు పలికింది. ఒక గొంతు అమ్మీ చెవిదాకా చేరడానికి అన్ని తలుపులు దాటాల్సి వచ్చింది.

నికా వీడియోల ఫిర్యాదు కూడా ఇదే. వీడియోగ్రాఫర్ మూడు గంటల వీడియో ఒకే ఫైలు చేస్తాడు. 4 జీబీ దాటింది కాబట్టి ఫ్యాట్32లో పట్టదు. ఎన్‌టీఎఫ్‌ఎస్ చేసి ఇస్తాడు. అతని షాపులో చక్కగా నడుస్తుంది. ఇంటికొచ్చి మెహ్మాన్లందరి ముందు టీవీకి పెడితే ఏమీ రాదు. వీడియోవాడు మోసం చేశాడని సమధీల మధ్య మాటామాటా పెరుగుతుంది. వీడియోను 4 జీబీ లోపు ముక్కలు చేసి ఫ్యాట్32లో ఇవ్వమంటే చాలు. ఆ మాట డబ్బులిచ్చే ముందే చెప్పాలి.

ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్లుగా మారి, క్లిక్ చేస్తే తెరుచుకోకపోతే అది వైరస్ పని. ఫైళ్లు పోలేదు, పరదా వెనక ఉన్నాయి. ఆ షార్ట్‌కట్లు నొక్కకుండా, యాంటీవైరస్‌తో కడిగి, దాగిన ఫైళ్లు చూపించమని విండోస్‌కు చెబితే బయటికొస్తాయి. ఐదారు వందల రూపాయలకు 1 టీబీ అని అమ్మే పెన్‌డ్రైవ్‌ల జోలికి మాత్రం పోకండి. లోపల ఉండేది కొద్ది జీబీలే. పెద్ద సైజు ఉన్నట్టు అబద్ధం చెప్పేలా చిప్పును తయారు చేస్తారు. నిండేదాకా బాగుంటుంది. ఆ తర్వాత వేసినవి పేర్లు కనబడతాయి, లోపల ఏమీ ఉండదు. ఇక్కడ మాత్రం నిజంగానే ఖాళీ.

అబ్బా పెన్‌డ్రైవ్‌లో రికార్డింగులతో పాటు ఇంకో ఫైలు కూడా ఉంది. మా ఖాందాన్ షజరా. అబ్బా చేత్తో రాసి పెట్టిన దాన్ని ఆయన దోస్త్ ఒకాయన ఇన్‌పేజ్‌లో టైపు చేశారు. మ్యాక్‌లో ఫైలు కనబడింది గానీ తెరుచుకోలేదు. ఇన్‌పేజ్ ఉన్న కంప్యూటరే కావాలి. హైదరాబాద్ ఛత్తా బజార్‌లో షాదీ కార్డులు అచ్చేసే ఒక దుకాణంలో తెరిచి, పీడీఎఫ్ చేయించుకున్నాను. తెలుగు డెస్కులో అనూ ఫాంట్లతో పడ్డ తిప్పలు కూడా ఇవే. ఆ ఫాంట్లు లేని కంప్యూటర్లో తెలుగు వార్త పిచ్చి గీతల్లా కనబడేది. రాసినవాడికి తెలుగు రాదేమో అనిపించేది.

ఆ పీడీఎఫ్ తీసుకెళ్లి ఆపా ఇంట్లో చూపించాను. నస్తాలిఖ్‌లో ముత్యాల్లా ఉన్నాయి పేర్లు. మా భాంజీ తెలుగు మీడియంలో పదో తరగతి దాకా చదివి, ఇప్పుడు ఇంగ్లిష్‌లో డిగ్రీ చేస్తోంది. ఇంట్లో మాట్లాడేది ఉర్దూనే. కాగితం అటూ ఇటూ తిప్పి, "మామూ, ఇది నాకు ఖాళీ కాగితమే" అంది నవ్వుతూ. మా ఆపా నవ్వలేదు.

పెన్‌డ్రైవ్ సంగతి నాకు పూర్తిగా అర్థమైంది అప్పుడే. జబాన్ ఒకటే, రస్ముల్‌ఖత్ వేరు. చదివే యంత్రానికి లిపి రాకపోతే రాసింది లేదని కాదు. నేను మొదటిసారి తెలుగు పేపర్లో నౌకరీకి వెళ్లినప్పుడు నా ఉర్దూ మీడియం సర్టిఫికెట్ చూసి ఒకరు "ఈయనకు తెలుగేం వస్తుంది?" అన్నారు. నా లోపల ఏముందో చూడకుండానే ఖాళీ అని తేల్చారు. మనవాళ్లలో ఎందరికో ఇలాంటి అనుభవం ఉంటుంది. చదవడం రానప్పుడు తుడిచేసి తమ లిపిలో కొత్తగా రాసుకుందామనే తొందర కంప్యూటర్లకే కాదు, మనుషులకూ ఉంటుంది. ఆ తొందర మన ఇంట్లో, మన పెద్దల కాగితాల మీద మనమే చూపించకూడదని నా గుజారిష్.

కాబట్టి ఈ వారం ఒక పని చేయండి. అల్మారాలో ఉన్న పెన్‌డ్రైవ్‌లన్నీ తీసి ఒక్కొక్కటీ తెరిచి చూడండి. వాడకుండా ఏళ్ల తరబడి పెడితే వాటిలో దాచిన కరెంటు మెల్లగా కారిపోతుంది. నికానామాలా శాశ్వతం అనుకోవద్దు. ముఖ్యమైనవి రెండు మూడు చోట్ల ఉంచండి. ఒకటి ఇల్లు కాని చోట ఉండాలి. ఏ కంప్యూటర్లో, ఎవరు ఎక్కించారో చీటీ మీద రాసి దారంతో కట్టండి. ఫార్మాట్ అడిగితే వద్దని నొక్కి, తీసేసి, వేరే రకం కంప్యూటర్లో చూడండి. పొరపాటున ఎవరైనా ఫార్మాట్ కొట్టేసినా నాఉమ్మీద్ కావద్దు. దాని మీద కొత్తగా ఏమీ వేయకుండా ఆపేస్తే, ఫోటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చాలాసార్లు తిరిగి దొరుకుతాయి.

మా భాంజీ ఇప్పుడు రాత్రుళ్లు ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తన నానా చెప్పింది వింటూ తెలుగు అక్షరాల్లో రాసుకుంటోంది. ఉర్దూ మాటలే, తెలుగు లిపి. మొన్న తొమ్మిదో రికార్డింగు దగ్గర ఆగి నాకు ఫోన్ చేసింది. ఏడేళ్ల అబ్బాను, ఆయన చెల్లెల్ని కుమ్మరి వాళ్ల ఇంట్లో గాదె వెనక దాచిన రాత్రి అది. ఆ ఇంటి అవ్వ పేరు అబ్బా గొంతులో సరిగా వినబడలేదట.

"మామూ, ఆ అవ్వ పేరు మీకు తెలుసా? మనం రాయకపోతే ఆమె ఎక్కడా ఉండదు కదా."

నాకూ తెలియదు. వచ్చే ఆదివారం ఇద్దరం ఊరికి వెళుతున్నాం. ఆ ఇంట్లో వాళ్ల మనవలు ఉన్నారు. అడిగి రాసుకొస్తాం.